రెండు కాళ్లూ లోపల పడ్డాక

పోయిన వారం కోరుట్ల బస్టాండులో జగిత్యాల బస్సు ఎక్కుతున్నాను. నా ముందు ఒక ముసలమ్మ ఉంది. ఒక కాలు మెట్టు మీద, ఒక కాలు ఇంకా నేల మీద, చేతిలో కూరగాయల సంచి. కొత్తగా వచ్చిన కండక్టరు పైనుంచి అరుస్తున్నాడు.

"ఎక్కవ్వా, జల్దెక్కు. ఎటువోవాలె? ఆధార్ కార్డు తెచ్చినవా?"

అన్నీ ఒకేసారి. ముసలమ్మ అతనికి జవాబు చెప్పబోయి తల ఎత్తింది. ఆ ఎత్తడంలో కమ్మీ మీది చెయ్యి జారింది, సంచి జారింది, టమాటాలు బస్సు కిందికి దొర్లాయి. నేను వెనక ఉన్నాను కాబట్టి పట్టుకున్నాను, పడిపోలేదు. ఆమెను సీట్లో కూర్చోబెట్టి, టమాటాలు ఏరి ఇచ్చి, నా సీట్లో కూర్చున్నాను. ఇదే బస్సులో ఆరేళ్లు కండక్టరుగా చేసిన ఒకామె గుర్తొచ్చింది. ఆమె ఉండి ఉంటే ముసలమ్మ చెయ్యి జారేది కాదు.

ఆమె చనిపోయి మొన్నటి వానాకాలానికి ఏడాది అయింది.

పేరు రాయను. రాస్తే మీరు వెంటనే ఫోను తీసి వెతుకుతారు. ఇవాళ వెతికితే దొరికే పాటలు ఆమె పాటలు కావు. గొంతు ఆమెదే, మాటలు ఆమెవే, అయినా కావు. అవి అట్లా కావడానికి కారణం ఎవరో నాకు తెలుసు. కాబట్టి కొంచెం ఓపిక పట్టండి.

సిరిసిల్ల నుంచి జగిత్యాలకు సూటి దారి వేరే ఉంది. ఈ బస్సు మాత్రం చందుర్తి, రుద్రంగి, కోరుట్ల అంటూ ఊళ్లన్నీ పలకరించుకుంటూ వస్తుంది. నేను జగిత్యాలలో జూనియర్ కాలేజీలో తెలుగు చెప్తాను, ఇల్లు కోరుట్లలో. పొద్దున ఎనిమిదింటికి ఆ బస్సే దిక్కు. మొదటిసారి ఆమెను చూసిన రోజు నేను పరుగెత్తుకుంటూ వచ్చి, మెట్టు మీద ఒక కాలు పెట్టి, "జగిత్యాల పోతదా?" అని అడిగాను. ఆమె నా కళ్లలోకి చూసింది కానీ పలకలేదు. మళ్లీ అడిగాను. పలకలేదు. లోపలికి వచ్చి నిలబడ్డాక, "పోతది సార్, కూసోండ్రి" అంది తీరిగ్గా.

"గా మాట ముందుగల్ల జెప్తే నోరు అరుగుతదా?" అన్నాను. నాకు కొంచెం కోపం ఎక్కువ.

"మీరు మెట్టు మీద ఉన్నరు గద సార్" అంది.

అదొక జవాబా? పొగరు అనుకున్నాను. తర్వాత రోజూ చూశాను. ఎక్కేవాళ్లు పదిమంది ఉన్నా, యాభైమంది ఉన్నా, ఆమె తలుపు దగ్గర నోరు మూసుకుని నిలబడేది. ఎవరి చెయ్యి ఎక్కడుంది, ఎవరి కాలు ఎక్కడుంది, అదే చూపు. చంకలో పిల్ల ఉన్న తల్లికి చెయ్యి అందించేది, కానీ ఒక్క మాట అనేది కాదు. చివరి మనిషి రెండు కాళ్లూ లోపల పడ్డాకే విజిలు, ఆ తర్వాతే మాటలు. అప్పుడిక ఆపేవాళ్లు లేరు. ఎవరి కోడలికి ఎన్నో నెల, ఎవరి బర్రె ఈనింది, అన్నీ ఆమెకు కావాలి.

"రెండు కాళ్లు లోపటవడ్డంక మాట్లాడుకుందాం." ఇది ఆమె ఊతపదం. బస్సుకే కాదు, అన్నిటికీ వాడేది. డ్రైవరు తన కొడుకుకు ఫలానా ఉద్యోగం వచ్చినట్టే అని చెప్పుకుంటే, "రెండు కాళ్లు లోపటవడనియ్యన్నా, అప్పుడు మాట్లాడుకుందాం" అనేది. మా కాలేజీ అమ్మాయిలు పరీక్ష బాగా రాశామంటే అదే మాట. వినీ వినీ మా స్టాఫ్ రూములో కూడా ఆ మాట వాడుకలోకి వచ్చింది. ప్రిన్సిపాల్ బదిలీ అవుతున్నాడని పుకారు వస్తే, "రెండు కాళ్లు అవతల పడనియ్యండి" అని మేము నవ్వుకునేవాళ్లం.

మనిషి బక్కపలచన. ఖాకీ చొక్కా భుజాల మీద నిలబడక జారేది. బుగ్గలో ఎప్పుడూ ఒక లవంగం, చెవి మీద ఒక పెన్సిలు. టికెట్లు మిషన్లోంచి వచ్చే కాలంలో పెన్సిలెందుకని ఒకసారి అడిగాను. "మిషిని పాటలు రాయది గద సార్" అని నవ్వింది. నేను ఏదో హాస్యానికి అందనుకున్నాను. టికెట్ రోలు అయిపోయే చోట గులాబీ గీతలతో మూరెడు కాగితం మిగులుతుంది. ఆమె దాన్ని చించి, సంచిలో వేసుకుని, కోరుట్ల దాటాక సీట్లు ఖాళీ అయితే దాని మీద ఏదో రాసుకునేది. లెక్కలనుకున్నాను.

మెత్తటి మనిషి అనుకోకండి. ఒకరోజు ఒకడు కాలేజీ పిల్లలను ఫోన్లో వీడియో తీస్తుంటే వెళ్లి ఆ ఫోను లాక్కుని తన టికెట్ల సంచిలో పడేసింది. వాడు లేచి గొడవ పెట్టుకోబోయాడు. "కూసో. జగిత్యాలల దిగినంక ఇస్త. గందాక నీ తల్లిని యాది జేసుకుంట కూసో" అంది. బస్సంతా నవ్వింది. వాడు దిగేదాకా కిటికీలోంచి బయటికే చూశాడు.

ఆమె పాడుతుందని తెలిసింది ఒక పంక్చరు వల్ల. కోరుట్ల దాటిన కాసేపటికి టైరు పోయింది. మేమంతా రోడ్డు పక్కన వేపచెట్టు నీడన కూర్చున్నాం. ఒక చంటిపిల్ల ఏడుపు ఆపడం లేదు. ఆమె ఆ పిల్లను తీసుకుని, చెట్టు మొదట్లో నిలబడి, లవంగం ఉమ్మేసి, తండ్రిని దారి అడిగే పాట అందుకుంది.

"మీదికెక్కినవు బాపూ, నా తొవ్వ అవుపడుతుందా,
మీదికెల్లి సూసి జెప్పు, ఎంత దూరమున్నదో."

నేను ఒక పత్రిక ఆదివారం అనుబంధంలో సంగీతం మీద శీర్షిక రాస్తాను. పదేళ్లుగా ఎన్ని గొంతులు విన్నానో లెక్క లేదు. ఆ గొంతు విన్నప్పుడు నా చేతిలో ఉన్న నీళ్ల సీసా మూత పెట్టడం మరిచిపోయాను. రెండు చరణాలు పాడి ఆమె ఆగింది. తలెత్తి కొమ్మల్లోకి చూస్తూ చాలాసేపు ఊరుకుంది. మరిచిపోయిందేమో అనుకున్నాను. మళ్లీ సరిగ్గా అందుకుంది. పిల్ల ఏడుపు ఎప్పుడో ఆగిపోయింది.

ఆ పాటలే ఎనిమిది పోగు చేసి, రెండేళ్ల తర్వాత ఆల్బమ్ చేసింది. కోరుట్లలో పెళ్లి వీడియోలు తీసే ఒకతని గదిలో, గోడలకు బొంతలు కట్టి, సెలవు రోజుల్లో వెళ్లి పాడింది. ఒక గిటారు, ఒక డోలక్, అంతే. గిటారు వాయించింది ఆ వీడియో అతని బావమరిది. అతను నాకు తర్వాత చెప్పాడు. పాడుతూ పాడుతూ ఆమె ఆగిపోయేదట. ఆగినప్పుడల్లా తలెత్తి ఫ్యాను దిక్కు చూసేదట. "నేనెప్పుడు అందుకోవాలె అక్కా?" అని అడిగితే, "నా తల కిందికి దిగినప్పుడు" అనేదట.

ఆల్బమ్ పేరు "మోకు". గీత కార్మికుడు తాటిచెట్టు ఎక్కేటప్పుడు నడుమునూ చెట్టునూ కలిపి వేసుకునే లావుపాటి తాడు అది. ఒకరోజు పొద్దున నేను సీట్లో కూర్చున్నాక వచ్చి, ఒక పెన్ డ్రైవ్ నా చేతిలో పెట్టింది.

"మీరు రాయాలె సార్. ఎవలు రాసినా రాయకున్నా మీరు రాయాలె. మనోళ్లు గద."

ఇక్కడ నా సంగతి చెప్పాలి. మాదీ గీత కుటుంబమే, రుద్రంగి. మా తాత ఎక్కాడు, మా నాయన ఎక్కాడు. నాకు ఊహ తెలిసేసరికి మా నాయన బళ్లో అటెండరయ్యాడు. మోకు కొట్టంలో దూలానికి వేలాడేది. నన్ను తాటిచెట్ల దిక్కు పోనిచ్చేవాడు కాదు. "నీకు గవన్ని ఎందుకు, సదువుకో" అనేవాడు. చదువుకున్నాను. ఇప్పుడు ఆమె "మనోళ్లు" అనేసరికి నాకు లోపల ముల్లు గుచ్చుకుంది. బాగుందని రాస్తే ఏమంటారు? తనోళ్లు కాబట్టి మోశాడంటారు. ఇదొక జబ్బు, మాలో మొదటి తరం చదువుకున్నవాళ్లకు బాగా ఉంటుంది. పరాయివాళ్ల పాటకు పది మార్కులు వేసే చెయ్యి మనోళ్ల పాటకు ఆరు దగ్గర ఆగుతుంది. దాన్ని మేము నిజాయితీ అనుకుంటాం.

ఆ నిజాయితీతోనే కూర్చుని విన్నాను. గొంతు గొప్పది, మాట గొప్పది, అది రాశాను. కానీ ప్రతి పాట మధ్యలో ఆ ఆగడాలు ఏమిటి? గిటారు కూడా ఆగిపోతుంది. ఫోనులో స్టాప్‌వాచ్ పెట్టి కొలిచాను. నా సమీక్షలో ఆ వాక్యాలు ఇప్పటికీ నాకు నోటికొచ్చు. "ఈ నిశ్శబ్దాలకు ఒక లెక్క లేదు. మొదటి పాటలో మొదటి విరామం ఏడు సెకన్లు, రెండోది తొమ్మిది, మూడోది పదమూడు. పాట నడిచేకొద్దీ గాయని అలసిపోతున్నట్టుంది. పక్కన కత్తెర పట్టిన మనిషి ఒకరుంటే ఇది గొప్ప ఆల్బమ్ అయ్యేది." కత్తెర మాట తట్టినప్పుడు నాకు నేనే ముచ్చటపడ్డాను. పేరు గురించి కూడా రెండు పేరాలు రాశాను. మోకు అంటే గతానికీ వర్తమానానికీ మధ్య బంధానికి ప్రతీక అని రాశాను. చూశారా నా తెలివి. మోకును చూసి ప్రతీక అనుకున్నవాడు మా వంశంలో నేను మొదటివాణ్ణి.

మిగతావాళ్లు నాకంటే మెరుగేం కాదు. హైదరాబాదులో ఒక ఇంగ్లీషు వెబ్ పత్రిక ఆల్బమ్‌ను ఆకాశానికెత్తింది. ఆ మౌనాలు జపాన్ తోటల్లో రాళ్ల మధ్య వదిలిన ఖాళీని గుర్తుచేస్తాయంది. నేను దాన్ని తెలుగులో చెప్తే ఆమె "జపాన్ల తాటిచెట్లున్నయా సార్?" అని అడిగింది. లేవనుకుంటా అన్నాను. "మరి గాళ్లకెట్ల తెలిసె?" అంది. నెట్‌లో పాటల కింద జనం రాసిన మాటలు ఇంకో తీరు. నెట్ పోయిందనుకున్న అని ఒకరు, ఫోను హ్యాంగయింది అని ఒకరు, పాట సగంలో ఎవరో ఆపేశారు, మళ్లీ పెట్టండి అని ఇంకొకరు.

నా సమీక్ష వచ్చిన మర్నాడు బస్సెక్కాను. ఆమె అనుబంధం మడిచి టికెట్ల సంచిలో పెట్టుకుంది, అంచు కనిపిస్తోంది. నేను కూర్చునేదాకా ఆగింది. తర్వాత వచ్చి పక్కన నిలబడింది.

"సదివిన సార్."

"కోపమొచ్చిందా చెల్లె?"

"కోపమేంది సార్. మీరు రాసిండ్రంటే ఏదో ఉంటది. మాకు తెలువది."

"మరి గా ఆగుడెందుకు? ఒక్కతీరుగ కూడ ఆగుతలేవు."

చెప్పాలా వద్దా అన్నట్టుంది ఆమె ముఖం. చివరికి, "అక్కడ మాట్లాడద్దు సార్" అంది.

"ఎందుకు మాట్లాడద్దు?"

"మాట్లాడద్దు. గంతే."

నేనిక అడగలేదు. మొండితనం అనుకున్నాను. ఎవరైనా తన పాటను సమర్థించుకోలేకపోతే ఇట్లాగే అంటారనుకున్నాను. అడిగి ఉంటే చెప్పేదేమో. మనోడు కదా, తనంతట తనకే తెలుస్తుందిలే అని ఆగిందేమో. ఇప్పుడు ఏది అనుకున్నా నాకే తగులుతుంది.

రెండు నెలలకు ఒకరోజు టికెట్ ఇస్తూ, "కత్తిరిచ్చిన సార్, మీరు జెప్పినట్టే" అంది. పాత పాటలన్నీ తీసేసి, నిశ్శబ్దాలు కోసేసి, కొత్తగా పెట్టించింది. ఆ కొత్తవి బాగా పోయాయి. పెళ్లిళ్లలో మోగాయి, కుర్రాళ్ల రీళ్లలో మోగాయి. నా గొప్ప చూడండి, శీర్షికలో ఒక మూల ఇంకో నాలుగు వాక్యాలు రాశాను. విమర్శను మనస్ఫూర్తిగా స్వీకరించే కళాకారులు అరుదు అని. ఆ ముక్క కూడా ఆమె కత్తిరించి సంచిలో పెట్టుకుంది.

ఆ తర్వాత ఆమె కొత్త పాట రాయలేదు. టికెట్ రోలు చివరి కాగితాలు చించకుండానే పారేస్తుంటే ఒకసారి అడిగాను.

"పాట వస్తలేదు సార్" అంది.

"ఎందుకు?"

"ఆగేకాడ ఆగకుంటే పాట ఎటువోతుందో తెలుస్తలేదు. ఎవలికి పాడుతున్ననో తెలుస్తలేదు."

పెద్ద మాట అన్నావు చెల్లె అని మెచ్చుకుని, మా స్టాపు రాగానే దిగిపోయాను. ఆ మాటకు అర్థం అడగాలని కూడా తోచలేదు. పోయినేడు వానాకాలంలో ఆమెకు జ్వరం వచ్చింది. నాలుగు రోజులు బస్సులో వేరే మనిషి కనిపించాడు. ఐదో రోజు డ్రైవరు స్టీరింగు మీద చేతులు పెట్టుకుని ఊరికే కూర్చున్నాడు. బస్సు తీయలేదు. అడిగితే చెప్పాడు. నేను చావుకు వెళ్లలేదు. పత్రికవాళ్లు అడిగితే సంతాప వ్యాసం మాత్రం రాశాను, బాగానే వచ్చిందన్నారు.

ఇదంతా పోయిన వారం ఆ బస్సులో, టమాటాలు ఏరి ఇచ్చాక, ఒకదాని వెంట ఒకటి వచ్చింది. మీరు మెట్టు మీద ఉన్నరు గద సార్. అక్కడ మాట్లాడద్దు సార్. ఈ రెండూ ఒకటే మాటని అప్పుడు తట్టింది. పాటలో మనిషి చెట్టు మీదే ఉన్నాడు. ఆల్బమ్ పేరే మోకు. ఎక్కేవాడితో ఎవరైనా మాట్లాడతారా? మా నాయన చెట్టుకు పోయే రోజుల్లో మా అమ్మ కూడా కింద నోరెత్తేది కాదట. మా ఇంట్లో ఈ మాట నేను వందసార్లు విన్నాను. మిగతావాళ్లకు తెలియకపోతే తప్పు లేదు. నాకు తెలియకపోవడం తప్పు.

జగిత్యాలలో దిగగానే వీడియో అతనికి ఫోను చేశాను. పాత పాటలు నీ దగ్గర ఉన్నాయా అని అడిగాను. "అయ్యో సార్, పెళ్లిళ్ల సీజన్ల జాగ సరిపోక తీసేసిన" అన్నాడు. అంటే నిశ్శబ్దాలతో ఉన్న పాటలు ఈ భూమ్మీద నా బీరువాలోని ఆ పెన్ డ్రైవ్‌లో తప్ప ఎక్కడా లేవు. మళ్లీ అందరికీ వినిపించాలంటే ఇంటివాళ్లు సరే అనాలి. అడిగే ముఖం నాకు లేదు. అయినా సెలవు రోజు చూసుకుని సిరిసిల్ల వెళ్లాను.

ఆమె ఇల్లు మరమగ్గాల వీధిలో. ఆ రోజు మగ్గాలకు సెలవు, వీధి ఎప్పుడూ లేనంత చప్పుడు లేకుండా ఉంది. ఆమె వదినె ముందు గదిలో బీడీలు చుడుతూ నన్ను చూసి చాట పక్కకు జరిపి లేచింది. లోపల ప్లాస్టిక్ కుర్చీలో వాళ్ల నాయన. చందుర్తిలో ముప్పై ఏళ్లు చెట్లెక్కి, మోకాళ్లు పోయాక కొడుకు దగ్గరికి వచ్చాడు. కాళ్లు బయటికి వంగి ఉన్నాయి. పాదాల మీద, కాళ్లకు బంధం వేసుకునే చోట, చర్మం నల్లగా మందంగా ఉంది. మా నాయన పాదాలు కూడా అట్లాగే ఉండేవి.

"గా పేపరు సారా?" అన్నాడు. నా గురించి విన్నాడన్నమాట.

"అవు కాకా. మీ బిడ్డ పాటలు తెచ్చిన."

"ఫోన్లల్ల వస్తనే ఉంటయి. మా కోడలు పెడ్తది." తల అడ్డంగా ఊపాడు. "గొంతు బిడ్డదే సారు. పాట కాదు."

ల్యాప్‌టాప్ తీసి స్టూలు మీద పెట్టి, మొదటి పాట పెట్టాను.

మీదికెక్కినవు బాపూ. ఆయన కళ్లు మూసుకున్నాడు. రెండు చరణాలు అయ్యాయి, గిటారు ఆగింది, గొంతు ఆగింది. నేను సమీక్షలో రాసిన మొదటి విరామం అది, ఏడు సెకన్లు. ఆయన రెండు పిడికిళ్లూ నడుము దగ్గరికి వచ్చాయి. మోకు పైకి జరుపుతున్నట్టు ముందుకు ఒక్క విదిలింపు. కుడికాలు నేల మీంచి నాలుగు వేళ్లు లేచి, కుదురుకుంది. తర్వాత ఎడమ కాలు. మళ్లీ విదిలింపు, మళ్లీ కుడి, మళ్లీ ఎడమ. ఎడమ మడమ నేలకు ఆనింది. సరిగ్గా అప్పుడు ఆమె గొంతు అందుకుంది.

ఇది కాకతాళీయం అనుకుందామని చూశాను. రెండో విరామం వచ్చింది. తొమ్మిది సెకన్లు, పిడికిళ్లు, కాళ్లు, మడమ ఆనగానే పాట. మూడోదాంట్లో ఆయన నిదానించాడు. ఊపిరి పైకి వినబడుతోంది, కాలు లేవడానికి టైము పడుతోంది. పదమూడు సెకన్లు. పాట నడిచేకొద్దీ గాయని అలసిపోతున్నట్టుంది అని రాశాను నేను. అలసిపోయింది ఆమె కాదు. చెట్టు పైకి పోయేకొద్దీ అలసిపోయింది వాళ్ల నాయన. ఆ అలుపు ఆమె పక్కా కొలతతో పట్టుకుని పాటలో పెట్టింది. నేను స్టాప్‌వాచ్‌తో కొలిచి లెక్క లేదన్నాను.

గుమ్మంలో వదినె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నిలబడింది.

పాట అయ్యాక ఆయన కళ్లు తెరిచాడు. "నేను ఎక్కేటప్పుడు బిడ్డ కిందనుంచి నోరు తెర్వకపోయేది" అన్నాడు. "కింద పిలిస్తె మీదోడు సూస్తడు. సూస్తె కాలు తప్పుతది. నడుమల నేను దమ్ము తీసుకుందామని ఆగుతె, అప్పుడు పాడేది. నేనున్ననే బాపూ అన్నట్టు. మల్ల ఎక్కుడు మొదలుబెడితె బందు. గంత చిన్నప్పటిసంది గట్లనే."

నేను తల ఊపాను. వచ్చిన పని చెప్పాను. "గివి మల్ల పెడుదమనుకుంటున్న కాకా. మీరు సరేనంటె."

ఆయన ల్యాప్‌టాప్ దిక్కు చూస్తూ అడిగాడు.

"మరి గా ఫోన్ల దాంట్ల ఎవలు కత్తిరిచ్చిండ్రు సారు?"

అప్పటికే రెండో పాట మొదలైంది. నేను నోరు తెరిచాను. అంతలో గిటారు ఆగింది, ఆయన పిడికిళ్లు నడుము దగ్గరికి వచ్చాయి. నేను నోరు మూసుకున్నాను. ఒక విదిలింపు, కుడికాలు. ఇంకో విదిలింపు. అబద్ధం చెప్పడానికి కూడా ఆ కొద్ది సెకన్లు సరిపోయేవి. వీడియో అతను అనొచ్చు, ఎవరో హైదరాబాదువాళ్లు అనొచ్చు. ఎడమకాలు. రెండు కాళ్లూ కుదిరేదాకా ఆగాను. పాట అందుకున్నాక చెప్పాను.

"నేనే కాకా. నేను రాసిన, బిడ్డ కత్తిరిచ్చింది."

"ఎరుకే" అన్నాడు.

నేను ఆయన ముఖంలోకి చూడలేకపోయాను.

"బిడ్డ అప్పుడే జెప్పింది. నేను కోపానికొస్తె నన్నే తిట్టింది. సారు మనోడే బాపూ, కాని చెట్టు కింద ఎన్నడు నిలవడలేదు, ఆయనకెట్ల ఎరుకైతది అన్నది." కుర్చీలో కొంచెం ముందుకు జరిగి, పాదాలు సరిచేసుకున్నాడు. "పెట్టు సారు, అందరు ఇననియ్యి. ఇయ్యాల నిలవడ్డవు గద. ఇగ సప్పుడు జెయ్యకు, మల్ల ఎక్కుతున్న."

గిటారు ఆగింది. నేను తలెత్తి, ఊపిరి బిగబట్టి, పైకి చూశాను.